పండుగ సెలవుల్లో రగ్బీ పోరు

క్రిస్మస్ దగ్గర పడుతోందంటే ఐర్లండ్ రగ్బీ అభిమానులు ఒక లీగ్ మ్యాచ్ కోసం ఎదురుచూస్తారు. ఎర్ర చొక్కాల మన్‌స్టర్, నీలం చొక్కాల లీన్‌స్టర్ జట్లు తలపడే మ్యాచ్ అది. పండుగ వెళ్లిన ఒకటి రెండు రోజుల్లో, ఎక్కువగా లిమరిక్ నగరంలోని థోమండ్ పార్కులో జరుగుతుంటుంది.

అక్కడ ఒక ఆనవాయితీ ఉంది. ఆటగాడు గోల్‌కి బంతి తన్నబోతుంటే స్టేడియమంతా నిశ్శబ్దం. తన్నేది ఎదుటి జట్టువాడైనా సరే! మన క్రికెట్ మైదానాల్లో ఇది ఊహించగలమా?

లీగ్ లెక్క ఒకటి గుర్తుంచుకోండి. గెలిస్తే 4 పాయింట్లు. ఓడినా, స్కోరు తేడా 7 దాటకపోతే 1 పాయింటు దక్కుతుంది. అందుకే ఓడుతున్న జట్టు కూడా చివరిదాకా పట్టు వదలదు. కాబట్టి మ్యాచ్ చూసేవాళ్లు ఆఖరి పది నిమిషాలు మాత్రం టీవీ ముందునుంచి లేవకండి!