బస్సులో లేచిన పాట
(ఒక సభలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను ఒక నాటకం గురించి చెప్పమన్నారు. పేరు 'ఫానీ'. రాసింది షెరిల్ వెస్ట్ అనే నల్లజాతి రచయిత్రి. 2021లో షికాగోలోని గుడ్‌మన్ థియేటర్ వాళ్ళు ఆడారు. పాత్ర ఒక్కటే. ఇ. ఫే బట్లర్ అనే నటి ఒక్కతే కథ చెబుతుంది, పాడుతుంది, చూసేవాళ్ళ చేతా పాడిస్తుంది. మన బుర్రకథకు పక్కన వంతలుంటారు గదా, అక్కడ జనమే వంత.

ఫానీ లూ హేమర్ 1917లో మిసిసిపీ రాష్ట్రంలో, దొర భూమిలో పాలుకు పత్తి పండించే ఇంట్లో ఇరవయ్యో బిడ్డగా పుట్టింది. ఆరేళ్ళకే పత్తి ఏరింది. నలభై నాలుగేళ్ళు వచ్చేదాకా తనకు ఓటుందని ఆమెకు చెప్పిన నాథుడు లేడు.

1962 ఆగస్టు 31న మరో పదిహేడు మందితో బస్సెక్కి, ఓటరుగా పేరు రాయించుకోడానికి ఇండియనోలా పోయింది. అక్కడి అధికారి రాష్ట్ర రాజ్యాంగంలో ఒక ముక్క చూపి అర్థం రాయమన్నాడు. నేను బడిపంతులును, నేనూ తప్పేవాణ్ణే. తిరిగొస్తుంటే పోలీసులు బస్సు ఆపారు. బస్సు మరీ పసుపుగా ఉందట, అదీ నేరం! జరిమానా బస్సులోవాళ్ళే తలా కొంత వేసుకుని కట్టారు. అందరికీ వణుకు. అప్పుడు ఫానీ చర్చి పాట ఎత్తుకుంది. దానితో మిగతావాళ్ళకు ప్రాణం లేచొచ్చింది.

ఇంటికొస్తే దొర, పేరు వెనక్కి తీసుకో లేకుంటే పొమ్మన్నాడు. పద్దెనిమిదేళ్ళు చాకిరీ చేసిన చోటు. ఆ రాత్రే బయటికొచ్చేసింది.

1963 జూన్, వినోనా జైలు. ఇది కొంచెం నిదానంగా వినండి. తెల్ల పోలీసులు స్వయంగా చెయ్యి చేసుకునే ముందు, ఇద్దరు నల్ల ఖైదీలను పిలిచి, దుడ్డు చేతికిచ్చి, ఆమెను కొట్టించారు. మొదటివాడు అలిసిపోతే రెండోవాడు. మూత్రపిండం దెబ్బతింది, చూపు దెబ్బతింది. మనవాడి చేతికే కర్ర ఇచ్చి మనల్ని కొట్టించడం మనకు కొత్తా? ఆ కర్ర పట్టినవాళ్ళూ, తిన్నవాళ్ళూ ఈ సభలోనే ఉండొచ్చు.

ఆ దెబ్బలన్నీ 1964లో డెమొక్రటిక్ పార్టీ మహాసభ కమిటీ ముందు, టీవీ కెమెరాల ఎదుట చెప్పింది. అధ్యక్షుడు జాన్సన్ సరిగ్గా అప్పుడే విలేఖరులను పిలిచి టీవీలను తనవైపు లాక్కున్నాడు. ఏం లాభం? రాత్రి వార్తల్లో మళ్ళీ ఆమె మాటే వేశారు. రెండు సీట్లు పారేస్తామంటే ఆమె, ఆమె తోటివాళ్ళు కాదన్నారు. మరుసటేడు, 1965లో, ఓటుహక్కు చట్టం వచ్చింది.

1977లో ఆమె పోయింది. దేశాధ్యక్షుడి పతకం 2025లో ఇచ్చారు.

ఓటర్ల జాబితా తెచ్చాను. సభ అయ్యాక చెట్టుకింద కూర్చుంటా, ఎవరి పేరు వాళ్ళు చూసుకోండి.