మాట నేర్పు విద్య
(సంఘము యొక్క ఉగాది సభలో చేసిన ప్రసంగము)



మా అమ్మాయి మైసూరులో ఎం.ఎస్‌సి. చదువుచున్నదని విని మన క్వార్టర్సులోని పెద్దలు "ఏ సబ్జెక్టు?" అని అడుగుదురు. "వాక్చికిత్స" యని చెప్పగానే ఒక క్షణ మూరకుండి, "మాటలు నేర్పుటకు కూడ అంత చదువా? మన తల్లులు ఏ కాలేజీలో చదివి మనకు మాటలు నేర్పినారు?" అని నవ్వుదురు. ప్రశ్న న్యాయమైనదే. దానికి సమాధానము చెప్పుటకే నే డీ వేదిక నెక్కితిని.

ఆమె యీ చదువు నెన్నుకొనుటకు కారణము మా యింటిలోనే యున్నది. మా చిన్నవానికి మూడేండ్లు నిండినను పట్టుమని పది మాటలు రాలేదు. "ఇంట తెలుగు, వీధిలో హిందీ, బడిలో ఇంగ్లీషు, మూడు భాషల నడుమ పిల్లవాడు తికమక పడుచున్నాడు. ఇంట తెలుగు మానివేయుడు" అని తెలిసినవారొకరు సలహా యిచ్చిరి. మానితిమి. మా అమ్మకు తెలుగు తప్ప వేరొక భాష రాదు. ఆరు నెలల పాటు ఆమె మనుమనితో సైగలతో కాలము గడపినది. తుదకు ఓడ నెక్కి విశాఖపట్టణము పోయి చూపించితిమి. అచ్చటి వాక్చికిత్సకురాలు మొదట శంకించినది వాని నాలుకను కాదు, చెవిని. వానికి వినికిడి తక్కువ. దోషము తెలుగుది కాదు! చెవికి యంత్ర మమర్చి, ఓపికతో అభ్యాసము చేయింపగా, నేడు వాడు నాయనమ్మతో తెలుగుననే జగడమాడుచున్నాడు.

రెండు మూడు భాషలు వినుటవలన బిడ్డకు వాగ్దోషము కలుగదు. నిజమైన దోషమున్నచో అది వాడు మాటాడు భాష లన్నిటను కనబడును. ఈ దీవులలో నుండు మనకు భాష విలువ వేరుగా చెప్పనక్కరలేదు. 2010 జనవరిలో బోవా సీనియర్ అను వృద్ధురాలు మరణించినపుడు, ఆమెతోపాటు 'బో' యను అండమాను భాషయు అంతరించినది. తన భాషలో మాటాడుటకు తోడు లేక ఆమె చివరి యేండ్లు గడపినది. ఒక తప్పు సలహాతో అట్టి యొంటరితనమును మా అమ్మకు మా చేతులతో మేమే తెచ్చిపెట్టితిమి.

ఇక నీ విద్య సంగతి. మన దేశమున దీనికి పెద్దపీట మైసూరులోని అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ. అది 1965లో వెలసినది. మైసూరు మహారాజు జయచామరాజ ఒడయరు స్థలమును దానము చేసిరి. ఒకప్పుడు మన ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు వైస్ చాన్సలరుగా నుండిన సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు, రాష్ట్రపతిగా, 1966 జూలైలో దాని భవనమునకు శంకుస్థాపన చేసిరి. 1983లో బొంబాయిలో నేర్పడిన జాతీయ సంస్థకు హైదరాబాదువాడైన అలీ యావర్ జంగ్ పేరు పెట్టబడినది. దానికి సికింద్రాబాదులో ప్రాంతీయ కేంద్రము కలదు.

ఇంటర్మీడియటు సైన్సుతో చదివినవారు మొదట నాలుగేండ్ల డిగ్రీ చేయవలెను. కడపటి యేడు పూర్తిగా రోగులతోనే గడచును. డిగ్రీలో వినికిడి శాస్త్రము, వాక్చికిత్స రెండును కలిసియుండును. తరువాతి రెండేండ్ల ఎం.ఎస్‌సి.లో ఇవి వేరుపడును. నత్తి, గొంతు బొంగురు, గ్రహణపు మొఱ్ఱి, బిడ్డల భాషాలోపములు, పక్షవాతము వచ్చినవారికి మాట పడిపోవుట, మ్రింగుటలో కష్టము - ఇవన్నియు వారి పాఠములే. మెదడులో ఒకచోట దెబ్బ తగిలిన మాట పోవునని 1861లో ఫ్రెంచి వైద్యుడు బ్రోకా చూపినది మొదలు నేటివరకు పెరిగిన శాస్త్రమిది. పుస్తకమెంత చదివినను చాలదు. గురువు చూచుచుండగా రోగి యెదుట కూర్చుండి చికిత్స చేయవలెను. చదువు ముగిసిన పిమ్మట, 1992 నాటి చట్టము ననుసరించి భారత పునరావాస పరిషత్తులో పేరు నమోదు చేసికొననిదే వృత్తి చేయరాదు.

మా అమ్మాయి యొకసారి సెలవులకు వచ్చి, "నాన్నగారూ, మాకు మొదట నేర్పునది మాటాడించుట కాదు, వినుట" అన్నది. ఆ మాటలో శాస్త్రమంతయు నున్నది. రెండేండ్ల బిడ్డ 'కాకి'ని 'తాకి' యన్న ముద్దు. ఆరేండ్లకును అట్లే పలికిన చికిత్స కావలెను. 'కల' వేరు, 'కళ' వేరు. 'పడు' వేరు, 'పాడు' వేరు. శ్రీకాకుళపు యాస యాసయే గాని దోషము కాదు. మన పిల్లలు తెలుగులో హిందీ మాటలు కలుపుటయు దోషము కాదు. ఈ భేదము తెలుగు చెవికి తెలిసినట్లు పరాయి చెవికి తెలియునా? మాట పడిపోయిన మన తాతకు తిరిగి మాట రావలెనన్న, అభ్యాసము ఆయన జీవితమంతయు మాటాడిన భాషలోనే జరుగవలెను గదా!

2011 జనాభా లెక్కలలో ఈ దీవులలో నూటికి పదమువ్వురు తెలుగును మాతృభాషగా వ్రాయించుకొనిరి. మన పిల్లలు ఇంజనీర్లు, డాక్టర్లు అగుచున్నారు, సంతోషమే. వారిలో ఒకరిద్దరైనను ఈ విద్య నభ్యసించి తిరిగి దీవులకు వచ్చిన, ఎందరో తల్లులకు ఓడ ప్రయాణము తప్పును.

తల్లులకు ఒక మనవి. పిలిచినను తిరిగి చూడని బిడ్డను, ఏడాదిన్నర నిండినను ఒక్క మాటయు రాని బిడ్డను, రెండేండ్లకు రెండు మాటలు కలుపలేని బిడ్డను "వాళ్ళ తాతకును ఆలస్యముగానే మాటలు వచ్చినవి" యని ఊరకుంచవలదు. వెంటనే జి.బి. పంత్ ఆసుపత్రిలో చెవులు పరీక్ష చేయింపుడు. మేము పోగొట్టుకొన్న ఆరు నెలలు మీరు పోగొట్టుకొనవలదు.

మన తల్లులు ఏ కాలేజీలోను చదువలేదు, నిజమే. వారు నేర్పిన మాట ఏ కారణముననో బిడ్డకు అందనపుడు, అందించుటకే యీ చదువు. ఇంట తెలుగు మాత్రము మానకుడు.