సర్పగంధ: మన మూలిక, మన బాధ్యత

(ఒక గ్రంథాలయ సభయందు చేసిన ఉపన్యాసము)



నేటి సభలో మాకు నిర్ణయింపబడిన విషయము "మన ఓషధులు". ఓషధులను గూర్చి మాటలాడువారు సాధారణముగా రెండు తెగలుగా నుందురు. ఒక తెగవారు సమస్తమును మన పూర్వులు ముందే కనిపెట్టి యుంచిరని చెప్పి, కరతాళధ్వనుల నందుకొని యిండ్లకు బోవుదురు. రెండవ తెగవారు నాటువైద్యమంతయు మూఢత్వమేయని పెదవి విఱతురు. మే మీ రెండు త్రోవలను విడిచి, ఒక్క మొక్క చరిత్రమును మీ ముందుంచ దలచితిమి. వృత్తిరీత్యా న్యాయవాదులము గనుక, సాక్ష్యము లేనిదే తీర్పు నడుగు నలవాటు మాకు లేదు.

ఆ మొక్క సర్పగంధ. తెలుగున పాతాళగంధి యనియు నందురు. మోకాలెత్తు మొదలు నడుమెత్తు వఱకు పెరుగు చిన్న పొద. కణుపు కణుపునకు మూడేసి యాకులు. ఎఱ్ఱని కాడలపై తెల్లని పూగుత్తులు. పండినపుడు నల్లబాఱు చిన్న కాయలు. మన పెరటి గన్నేరు, బిళ్లగన్నేరు, నందివర్ధనము దీనికి జ్ఞాతులు. హిమాలయ పాదభూములందును, పడమటి కనుమలందును, తూర్పు కనుమలందును నీడయు తేమయు గల తావుల నిది మొలచును. గుణమంతయు వేరులోనే యున్నది. అందును బెరడునందే యధికము.

శాస్త్రజ్ఞు లీ మొక్కకు పెట్టిన పేరు రావోల్ఫియా సర్పెంటినా. రావోల్ఫు 16వ శతాబ్దపు జర్మను వైద్యుడు. ఆయన మన దేశమున నడుగుపెట్టినవాడు కాడు. ఆయన గౌరవార్థము ఫ్రెంచి వృక్షశాస్త్రజ్ఞుడు ప్లుమియే 1703లో ఒక మొక్కల జాతి కా పేరుంచెను. తరతరములుగా ఈ వేరును త్రవ్వి, నూఱి, రోగుల కిచ్చిన వనవాసుల పేరు మాత్ర మే గ్రంథమునకును ఎక్కలేదు. లోకమున దస్తావేజు వ్రాయించుకొన్నవానికే హక్కు నిలుచుననుట కిది యొక నిదర్శనము.

సర్పగంధ యను నామము ప్రాచీన వైద్యగ్రంథములలో గలదు. అది నేటి మొక్కకే చెందునా యని పండితులు చర్చింతురు. ఆ చర్చ యెట్లున్నను, జనవ్యవహారమున నీ వేరుయొక్క స్థానము నిస్సంశయము. బీహారు ప్రాంతమున దీనికి "పాగల్‌కీ దవా", అనగా పిచ్చిమందు, అని పేరు. ఉన్మాదమునకును నిద్రలేమికిని అచ్చటివారు దీనిని వాడిరి. పాముకాటునకు విరుగుడనియు నమ్మిరి. ఈ రెండవ నమ్మకమును శాస్త్రము బలపఱుపలేదు. పాము కఱచినవానిని తక్షణ మాసుపత్రికి జేర్పవలయునే గాని మూలిక కొఱకు కాలము పుచ్చరాదు. పూర్వుల మాటలలో నిలిచినదానిని నిలుపుటయు, నిలువనిదానిని విడుచుటయు రెండును వారి యెడ గౌరవమే.

ఇక పరీక్ష యెట్లు జరిగెనో వినుడు. ఢిల్లీలో హకీం అజ్మల్‌ఖాన్ ఆయుర్వేదమునకును యూనానీకిని కలిపి తిబ్బియా కళాశాలను నెలకొల్పెను. 1921 ఫిబ్రవరి 13న గాంధీజీ దానిని ప్రారంభించెను. ఆ సభలో ఆయన మన వైద్యులను పొగడి యూరకుండలేదు. పాశ్చాత్య శాస్త్రజ్ఞుల పరిశోధనాదీక్షను మెచ్చుకొని, మన వైద్యులును హకీములును పాతయోగములను ప్రశ్నింపకయే యనుసరించుటను విమర్శించెను. ఆ యేడే అహమ్మదాబాదు కాంగ్రెసునకు అధ్యక్షత వహించిన అజ్మల్‌ఖాన్, ఆ విమర్శను మనసున నుంచుకొన్నవానివలెనే ప్రవర్తించెను. ఫ్రాంక్‌ఫర్టులో రసాయనశాస్త్ర మభ్యసించిన సలీముజ్జమాన్ సిద్దీఖీని పరిశోధనకై ఆహ్వానించెను. ఫలమును జూచుటకు హకీముగారు బ్రదికి యుండలేదు, 1927లో గతించెను. 1931లో సిద్దీఖీ సర్పగంధ వేరునుండి కొన్ని క్షారపదార్థములను వేఱుచేసి, అందొకదానికి "అజ్మలీన్" అని నామకరణము చేసెను. హృదయస్పందనలోని యొకానొక దోషమును బయటపెట్టు పరీక్షలో నేటికిని ఆ పదార్థమును పలు దేశములలో వైద్యులు వాడుచున్నారు. ఒక దేశభక్తునకు ఇంతకంటె మన్నికగల శిలావిగ్రహ ముండునా?

అదే 1931లో కలకత్తాయందు గణనాథ సేన్, కార్తీకచంద్ర బోసు అను వైద్యు లీ వేరు ఉన్మాదమునకును రక్తపుపోటునకును పనిచేయుచున్నదని ప్రకటించిరి. రామనాథ్ చోప్రా కలకత్తా ప్రయోగశాలలో దాని గుణములను పరీక్షించెను. కాని లోకము వినిపించుకొనలేదు. 1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ తన రోగుల యనుభవమును బ్రిటిష్ హార్ట్ జర్నలులో ప్రకటించిన పిమ్మటనే పడమటివారు చెవియొగ్గిరి. ఆయన పేరు వకీలైనను వృత్తి వైద్యము. మా వృత్తివా రెవ్వరును ఇంత బలమైన వాదము చేసినట్లు మే మెఱుగము. 1952లో స్విట్జర్లాండునందలి సీబా సంస్థ శాస్త్రజ్ఞులు వేరులోని ప్రధానగుణమునకు మూలమైన "రిసర్పీన్"ను వేఱుచేసిరి. అది మాత్రలై దేశదేశముల కేగెను. 1967లో అమెరికాలో ప్రకటితమైన ప్రసిద్ధపరీక్షలో, అధికమైన రక్తపుపోటును మందులతో తగ్గించినచో ప్రాణాపాయములు తగ్గునని ఋజువయ్యెను. ఆ మందులలో రిసర్పీన్ ఒకటి.

ఇది పనిచేయు రీతి తెలిసికొనదగినది. నరముల కొనలయందు కొన్ని రసాయనములు నిలువచేయబడి యుండును. రిసర్పీన్ ఆ నిలువలను ఖాళీచేయును. అందుచే నాడి నెమ్మదించును, పోటు తగ్గును, ఉద్రేకము శమించును. ఆ ఖాళీతనమే మోతాదు మించినపుడు కీడగును: మనసు క్రుంగును, నాడి మందగించును, ముక్కు బిగియును. తీవ్రమైన విచారమున బడినవారును గలరు. నేడు మెఱుగైన మందులు వచ్చుటచే వైద్యులు దీనిని తక్కువగా వాడుచున్నారు. కావున సంతలో కొన్న పొడిని, "ఆకు వేరే గదా, అపాయమేమి" యని మ్రింగువారికి మా విన్నపము: పనిచేయు మందేదియు నిరపాయము కాదు. పోటు మాత్రలు వాడువారు వైద్యునకు చెప్పక దీనిని కలుపరాదు.

సోదరులారా! మొక్కకు కీర్తి వచ్చుటతో కష్టము వచ్చెను. ఆకు కోసిన మొక్క మరల చిగిర్చును. వేరు త్రవ్విన మొక్క చచ్చును. దీని విత్తనములలో తాలు మెండు, మొలకెత్తునవి కొలది. వేరు పనికివచ్చుటకు సుమారు రెండు మూడేండ్లు పట్టును. అడవినుండి బండ్లకెత్తి పంపుచు పోగా మొక్క యపురూపమయ్యెను. ఎగుమతిపై కట్టడి రాగా, పరదేశములవారు ఆఫ్రికాలోని దాని జ్ఞాతి నాశ్రయించిరి. 1990లో సర్పగంధ అంతర్జాతీయ వ్యాపారనియంత్రణ గల మొక్కల జాబితాలో జేర్చబడెను. కొఱత యున్నచోట కల్తీ యుండును. ఇతర జాతుల వేళ్లు ఈ పేరుతో నమ్ముడుపోవుచున్నవి.

ఇపుడు మన చేతనున్న సాధనములను జూడుడు. 2002 నాటి జీవవైవిధ్య చట్టము ప్రకారము ప్రతి పంచాయతీయు, పురపాలక సంఘమును ఒక జీవవైవిధ్య యాజమాన్య సంఘము నేర్పఱుపవలెను. ఆ సంఘము స్థానిక ప్రజలతో సంప్రదించి, ఊరి ఓషధులను, వానిని గూర్చిన జ్ఞానమును ఒక రిజిస్టరులో నెక్కింపవలెను. తన హద్దులలో వ్యాపారమునకై మూలికలు సేకరించువారినుండి రుసుము వసూలుచేయు నధికారమును దానికి గలదు. 2023 సవరణవలన గ్రంథస్థమైన జ్ఞానమునకును, సాగుచేసిన ఓషధులకును కొన్ని మినహాయింపులు కలిగినవి. కనుక గ్రంథమున కెక్కని వనవాసుల జ్ఞానమునకు ఆ రిజిస్టరే పట్టాదస్తావేజు. అది ఖాళీగా నున్నచో చట్ట మెంత గొప్పదైనను వాద మోడిపోవును.

కావున మేము కోరున దింతే. మీ యూరి సంఘమునకు బోయి ఆ రిజిస్టరు చూపుమని యడుగుడు. లేదన్నచో వ్రాయించుటకు పూనుకొనుడు. పేరు తెలిసిన వృద్ధులను, వైద్యులను పిలిపించి చెప్పింపుడు. భూమిగలవారు నాలుగు మళ్లలో సర్పగంధను సాగుచేయింపుడు. పెంచినదాని నమ్ముకొనుట వ్యాపారము. పెంచక త్రవ్వుకొనుట దోపిడి. త్రవ్వువాడు మనవాడైనంత మాత్రమున దోపిడి స్వదేశీ యగునా?

అజ్మల్‌ఖాన్ మనకు మొక్కను గూర్చిన గర్వము నొక్కటే విడిచిపోలేదు. పరీక్షించు నలవాటును విడిచిపోయెను. ఆ యలవాటును, ఆ మొక్కను రెంటిని మన పిల్లలకు అందింతము గాక!