పేస్‌మేకర్ ధరించినవారి విదేశ విమానయానము
(వార్షిక మహాసభయందు గావించిన యుపన్యాసము)



విద్యాభివృద్ధిని గూర్చియు, విద్యార్థి వసతిగృహములను గూర్చియు పెద్దలు ముచ్చటించియున్నారు. మేము విన్నవింపబోవు విషయము చిన్నదిగ దోచవచ్చును గాని, నేడు మన యిండ్లలో ననేకులను కలవరపెట్టుచున్నది. శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలనుండి మన బిడ్డలు పలువురు ఉద్యోగార్థులై అమెరికాకును, ఆస్ట్రేలియాకును పోయిరి. మనుమలను జూడ తాతలకు గోరిక. కాని, యెదలో పేస్‌మేకర్ అమర్చుకొన్నవాడు విమాన మెక్కవచ్చునా యని శంక. కొందఱు భయపడి పయనము మానుచున్నారు. మఱికొందఱు యంత్రమున్న సంగతి దాచి పోవుచున్నారు. రెండును తగవు, రెండవది మఱింత కీడు.

సముద్రయానము నిషిద్ధమను శంక యున్న దినములలోనే మన తీరమునుండి వేలకొలది జనులు ఓడలెక్కి రంగూనునకు బోయిరి. ఆనాటి శంక శాస్త్రమును గూర్చినది, నేటి శంక యంత్రమును గూర్చినది. శంకకు మందు తెలిసికొనుటయే.

ఈ యంత్రము మెడక్రింది యెముకకు దిగువ, చర్మములోపల నుంచబడును. దానినుండి సన్నని తీగ సిరగుండ హృదయమును జేరును. గుండె కొట్టుకొనుట మందగించినపుడు స్వల్పమైన విద్యుత్తుచే దానిని మేల్కొలుపును. 1958 అక్టోబరు 8వ తేదీన స్వీడను దేశమున ఆర్నె లార్సన్ అను నాతనికి మొట్టమొదట నిది శరీరములో నమర్చిరి. ఆ తొలి యంత్రము కొన్ని గంటలే పనిచేసెను. అయినను ఆయన పలుమారులు యంత్రములను మార్చుకొనుచు 2001 వఱకు, 86 ఏండ్లు జీవించెను. శస్త్రము చేసిన సెన్నింగ్ వైద్యునికంటెను, యంత్రమును నిర్మించిన ఎల్మ్‌క్విస్ట్ కంటెను ఆయనయే తుదివఱకు మిగిలెను!

మాకును ఇట్టి యంత్రము గలదు. దానితోడనే మేము రెండుమారులు విదేశయాత్ర చేసివచ్చితిమి. తెలిసికొన్నది చెప్పుచున్నాము.

మొదట, బయలుదేరుటకు ముందే వైద్యునిచే యంత్రమును, దాని బ్యాటరీని పరీక్ష చేయించి, విమానయానమునకు అనుమతి పొందవలెను. క్రొత్తగా నమర్చుకొన్నవారు ఆయన చెప్పిన గడువు దాటకుండ కదలరాదు. ఆ ప్రక్క చేతితో బరువైన పెట్టె నెత్తి పైయరలో బెట్టరాదు.

రెండవది, తనిఖీ. యంత్రముతోబాటు ఆస్పత్రివా రిచ్చిన గుర్తింపు కార్డును పాస్‌పోర్టుతో జేర్చి యుంచుకొని, తనిఖీ ఉద్యోగికి ముందుగనే చూపవలెను. ద్వారమువంటి లోహశోధకమునుండి నిలువక, ఆనుకొనక, మామూలుగ నడచిపోవలెను. గంట మ్రోగినచో భయపడరాదు. లోహ ముండుటచే మ్రోగును. చేతిలోని శోధకమును యంత్రముపై నిలిపియుంచవలదనియు, చేతితో తడిమి చూడుడనియు మర్యాదగ కోరవచ్చును. మన యూరినుండి విశాఖపట్నము, అచ్చటినుండి మఱియొక మహానగరము, ఆ తరువాత విదేశము — ఇన్నిచోట్ల తనిఖీ యుండును గావున కార్డు పెట్టెలో గాక చేతిసంచిలో నుండవలెను. మందులును, వైద్యుని చీటియు నట్లే.

మూడవది, విమానములోని గాలి. అది సుమారు 6,000 మొదలు 8,000 అడుగుల యెత్తున నున్న గాలివలె నుండును. అనగా ఉదకమండలము కొండమీద కూర్చున్నట్లు. దానివలన యంత్రమునకు హాని లేదు. కాని యంత్రము వేఱు, హృదయము వేఱు. నడచిన నాయాసము కలవారు దీనిని వైద్యునితో ప్రత్యేకముగ జెప్పవలెను. కూర్చున్నచోటనే గంటలకొలది యుండక అప్పుడప్పుడు లేచి నడువవలెను. సెల్‌ఫోను ఎదమీది జేబులో నుంచరాదు.

కడపటిది ముఖ్యమైనది. ప్రయాణపు బీమా పత్రమునందు ఈ యంత్రము సంగతి వ్రాయకుండిన సొమ్ము కలిసివచ్చునని కొందఱు తలచుచున్నారు. ఆపద వచ్చినపుడు ఆ దాచిన మాటయే అడ్డువచ్చి, బీమా చెల్లకపోవచ్చును. పరదేశపు ఆస్పత్రి ఖర్చు బిడ్డల నెత్తిన బడును. ముందునుండి యున్న జబ్బునకు బీమా యెంతవఱకు వర్తించునో అడిగి, వ్రాతమూలముగ తెలిసికొనుడు. బిడ్డలకు జెప్పుడు, ప్రక్కన గూర్చుండువారికిని జెప్పుడు. ఇది అవమానము గాదు. కంటికి అద్దములు పెట్టుకొన్నవాడు సిగ్గుపడుచున్నాడా?

మన సంఘమందు వైద్యులైన యువకులు గలరు. వారు ఏటేట ఒకదినము విదేశమునకు బోవు పెద్దలను గూర్చుండబెట్టి, కాగితములు చూచి, సందేహములు దీర్చినచో అది యొక సత్రము కట్టించుటకు సాటియగు పుణ్యమని మా మనవి. దాతలు దీనిని మన్నింతురుగాక!