తోలు బ్యాగుకు కొత్త కళ

ఝరాసంగం కేతకీ సంగమేశ్వరుని జాతరకు తీసుకెళ్దామని అటక మీది తోలు బ్యాగు దించితే బూజు కనిపించిందా? హైదరాబాద్ జుమ్మేరాత్ బజారులో పాతది కొన్నా ఇదే వరస. కంగారుపడి నీళ్లలో ముంచకండి.

ముందు ఆరుబయట పొడిగుడ్డతో బూజు తుడవండి. గోరువెచ్చని నీళ్లలో రెండు చుక్కల సబ్బు ద్రవం కలిపి, గుడ్డ ముంచి, గట్టిగా పిండి మళ్లీ తుడవండి. నీడలోనే ఆరబెట్టాలి, మండుటెండకు తోలు బిరుసెక్కి పగులుతుంది. ఆరాక లెదర్ క్రీము పల్చగా పూయండి. కొబ్బరినూనె వద్దు, మచ్చలు పడతాయి.

బ్యాగు స్వేడ్‌ది, అంటే నూగు తేలిన తోలుది అయితే పద్ధతి వేరు. దానికి నీళ్లు పడవు. మెత్తని బ్రష్‌తో ఒకే వైపు దువ్వండి. నల్లబడిన చోట పిల్లల పెన్సిల్ రబ్బరుతో రుద్దండి. నూనె మరకపై కార్న్‌ఫ్లోర్ చల్లి, రాత్రంతా ఉంచి, పొద్దున దులపండి.

బ్యాగు లోపల పాత నూలుగుడ్డలు కుక్కి దాచితే ఆకారం చెడదు.