పంపినవాడెవరు? అందుకొనేవాడెవరు?
(షోలాపూర్ తెలుగువారి ఉగాది సభలో ఒక రైల్వే గుమాస్తా చేసిన ప్రసంగ పాఠము)



ఇప్పుడే పంతులుగారు పంచాంగం వినిపించారు. ఏ రాశికి ఎంత ఆదాయం, ఎంత వ్యయం అని మనమందరం శ్రద్ధగా విన్నాము. ఆదాయమంతా ఒకరికి, వ్యయమంతా వేరొకరికి వ్రాసిపెట్టి ఉన్న వ్యాపారం ఒకటి ఉన్నది. అది గంజాయి మొదలైన మత్తుపదార్థాల దొంగరవాణా. పండుగపూట ఈ మాట ఎందుకని కొందరికి తోచవచ్చు. మన పిల్లలంతా ఒక్కచోట కూర్చుని వినే రోజు ఇదొక్కటే కనుక ఈ రోజే చెప్పదలచాను. నేను మెట్రిక్ వరకే చదివిన పార్సెల్ ఆఫీసు గుమాస్తాను. తెలిసినంత మట్టుకు మనవి చేస్తాను.

మా ఆఫీసులో ఏ మూటకైనా వే బిల్లు ఉంటుంది. దానిమీద పంపినవాని పేరు, అందుకొనేవాని పేరు తప్పక ఉంటాయి. ఈ దొంగవ్యాపారంలో ఉండనివి ఆ రెండు పేర్లే. మోసేవాడొక్కడే కంటికి కనబడతాడు. పట్టుబడేదీ వాడే.

సరకు ఎక్కడ పుడుతున్నది? చాలాభాగం మన ఆంధ్ర, ఒడిశా సరిహద్దు కొండలలో. ఈవల పాడేరు, చింతపల్లి ఏజెన్సీ. ఆవల మల్కన్‌గిరి, కోరాపుట్ జిల్లాలు. బయటినుంచి వచ్చిన వర్తకులు గిరిజన రైతుకు ముందుగా పెట్టుబడి ఇచ్చి సాగు చేయిస్తారు. 2021లో ఆంధ్ర పోలీసులు ఆపరేషన్ పరివర్తన అనే పేరుతో ఏడువేల ఎకరాలకు పైగా పైరు నరికించారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర రెండు లక్షల కిలోల గంజాయిని ఒక్కచోట తగులబెట్టారు. మెచ్చుకోదగిన పనే. కాని కొండకు సరిహద్దు గీత తెలియదు. ఈవల పైరు కొడితే ఆవల పైరు పెరుగుతుంది. ఒక్క రాష్ట్రం ఎంత కష్టపడినా సగం పనే అవుతుంది.

ఇక రవాణా సంగతి. మన ఊరిమీదుగా పోయే కోణార్క్ ఎక్స్‌ప్రెస్సును ఉదాహరణకు చెబుతాను. భువనేశ్వర్‌లో బయలుదేరి ముంబయి చేరేలోగా అది ఒడిశా, ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటక, మహారాష్ట్ర అనే అయిదు రాష్ట్రాలు చూస్తుంది. ప్రయాణికునికి టిక్కెట్టు ఒక్కటే. పోలీసు మాత్రం ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రానిదే. రైల్వే రక్షకదళం కేంద్రానిదే అయినా, మత్తుపదార్థాల చట్టం క్రింద సోదా చేసి అరెస్టు చేసే అధికారం దానికి 2019లో మాత్రమే లభించింది. ఈ సందులన్నీ దొంగకు మనకంటె బాగా తెలుసు. సంచి ఒక బెర్తు క్రింద పెట్టి, తాను వేరొక పెట్టెలో కూర్చుంటాడు. సోదా జరిగితే ఆ సంచికి యజమాని ఉండడు.

నేను చూచినది ఒకటి చెబుతాను. ఒకనాడు బండిలోనుంచి ఒక కుర్రవాణ్ణి రెండు సంచులతో దింపారు. ఇరవై ఏళ్ళుంటాయేమో. మరాఠీ రాదు, హిందీ రాదు. తెలుగు వచ్చినవాడు కావాలని నన్ను పిలిచి దుబాషీగా నిలబెట్టారు. "సంచులు ఎవరివిరా అబ్బాయీ?" అని అడిగాను. "తెలీదు బాబూ. పూనాలో ఒకడొచ్చి పట్టుకెళతాడన్నారు" అన్నాడు. ఆ ఒకడి పేరు తెలియదు. సంచులు ఇచ్చినవాని పేరు తెలియదు. కొద్ది వేల కూలికి ఒప్పుకొన్నాడు. తూకం వేస్తే ఇరవై కిలోలు దాటింది. శిక్ష ఎంత ఉంటుందో నాచేతనే చెప్పించారు. "మోసినందుకే అన్నేళ్ళా బాబూ?" అన్నాడు. ఆ ప్రశ్నకు తెలుగులో గాని, మరే భాషలో గాని నావద్ద జవాబు లేదు.

ఆ చట్టం ఏమంటుందో మన పిల్లలు తెలుసుకోవాలి. 1985 చట్టం ప్రకారం ఇరవై కిలోలకు మించిన గంజాయి వ్యాపార పరిమాణం. దానికి పదేళ్ళకు తక్కువ కాకుండా ఇరవై ఏళ్ళదాకా కఠిన శిక్ష, లక్షకు తక్కువ కాని జరిమానా. బెయిలు దొరకడం బహుకష్టం. అన్నిటికంటె ముఖ్యమైనది, సరకు నీవద్ద దొరికితే తెలిసే ఉంచుకొన్నావని కోర్టు భావిస్తుంది. తెలియదని రుజువు చేసుకొనే భారం నీదే. "స్నేహితుడు ఇచ్చాడు" అన్నంత మాత్రాన సరిపోదు.

ఇదంతా దేశంలోపలి మాట. దేశాలు దాటే సరకు మరీ ఘోరం. 2021 సెప్టెంబరులో గుజరాత్‌లోని ముంద్రా రేవులో సుమారు 3,000 కిలోల హెరాయిన్ దొరికింది. ఆఫ్ఘనిస్తాన్ సరకు, ఇరాన్‌లోని బందర్ అబ్బాస్ రేవులో ఓడ ఎక్కింది. కాగితాలలో మాత్రం టాల్క్ రాళ్ళని వ్రాశారు. తెప్పించుకొన్న సంస్థ చిరునామా ఏదనుకొన్నారు? విజయవాడ! దానిని నడిపేవారు ఉండేది చెన్నైలో. ఇన్ని చోట్ల ముక్కలైన సంగతిని ఏ ఒక్క ఊరి పోలీసు అతికించగలడు?

దేశాలు దీనిని గుర్తించకపోలేదు. 1909లో షాంఘైలో నల్లమందు గురించి సమావేశమయ్యాయి. 1961లో ఒక ఒడంబడిక, 1988లో వియన్నాలో మరొక ఒడంబడిక చేసుకొన్నాయి. 1988 ఒడంబడికలో ఒక మంచి ఉపాయం ఉన్నది. దొంగసరకు కనబడగానే పట్టుకొనక, కన్ను వేసి, దారిలోని అధికారులందరూ కూడబలుక్కొని గమ్యం దాకా పోనిస్తారు. అక్కడ చేయి చాచినవాణ్ణి పట్టుకొంటారు. మన చట్టంలోకి ఇది 2001 సవరణతో, 50-ఏ సెక్షనుగా వచ్చింది. వే బిల్లులో లేని ఆ రెండవ పేరును వ్రాసే పద్ధతి ఇదే. కాని దారిలో ఒక్క ఆఫీసు మాట్లాడకపోయినా, ఒక్కడు లంచం తిన్నా, ఉపాయమంతా చెడుతుంది. 1986లో ఏర్పడిన నార్కోటిక్స్ కంట్రోల్ బ్యూరో పనులలో ఇట్టి సమన్వయం ముఖ్యమైనది. ఎన్ని కిలోలు పట్టుకొన్నారని మాత్రమే కాక, ఎందరు యజమానులను పట్టుకొన్నారని కూడ మనం అడగాలి.

చివరకు మన పని. మనలో చాలామందిమి ఏటేటా స్వగ్రామాలకు పోయి వచ్చేవారమే. తాతలనాడు మగ్గం పనికి, మిల్లు పనికి వచ్చాము. మిల్లులు మూతబడ్డాయి. పని లేని కుర్రవానికి "ఈ సంచి అందించు, అయిదువేలిస్తా" అనే మాట తియ్యగానే ఉంటుంది. తండ్రులారా, ఇంట్లోనే చెప్పండి: ఎదుట విప్పి చూడని సంచి తేవద్దు, తెలియనివాని సామాను కాపలా కాయవద్దు. అనుమానం కలిగితే 1933 నంబరుకు చెప్పవచ్చు. ఆంధ్రలో 1972 కూడ ఉన్నది. ఎవరింటనైనా ఈ అలవాటు చొరబడి ఉంటే పరువు పోతుందని దాచకండి. 14446కు ఫోను చేస్తే చికిత్సకు దారి చూపుతారు. చిన్న పరిమాణం కేసులో చిక్కినవాడు తానై చికిత్స కోరితే, 64-ఏ సెక్షను వానికి రక్షణ ఇస్తుంది.

సరిహద్దులు దాటి పోలీసులు చేతులు కలపాలని కోరే మనం, వీధులు దాటి మొదట చేతులు కలుపుదాము. ఈ సంఘంలోనే నలుగురు పెద్దలు కూర్చుని, పని లేని మన పిల్లల జాబితా వ్రాసి, ఒక్కొక్కనికి ఒక దారి చూపితే, ఆ వ్యాపారికి మోసేవాడు దొరకడు.

కొత్త సంవత్సరంలో మన ఇళ్ళ ఆదాయం నీతిగా పెరుగుగాక, వ్యయం మన చేతులలో ఉండుగాక అని కోరుతూ సెలవు తీసుకొంటున్నాను.