సిమ్యులేషన్‌లో తిరిగింది సార్

వైస్ చాన్సలర్ గారికి, వేదిక మీది పెద్దలకు, ఉక్కపోతలో ఆహ్వాన పత్రికలతో విసురుకుంటున్న తల్లిదండ్రులకు నమస్కారం. మర్యాదలు అయిపోయాయి.

శని చుట్టూ తిరిగే టైటాన్ మీద ఎగరడానికి నాసా ‘డ్రాగన్‌ఫ్లై’ని తయారు చేస్తోంది. ఎనిమిది రోటర్లు, చిన్న కారంత ఒళ్లు. 2028లో బయల్దేరి 2034లో చేరాలి. అక్కడి గాలి మనకంటే నాలుగు రెట్లు చిక్కన, గురుత్వాకర్షణ మనదాంట్లో ఏడో వంతు. కాబట్టి ఎగరడం తేలికే. చలి మాత్రం మైనస్ 179 డిగ్రీలు. పైగా ఇక్కణ్నుంచి కబురు చేరడానికే గంటకు పైగా పడుతుంది. పడిపోతుంటే పట్టుకునేవాళ్లెవరూ ఉండరు.

నా ఉద్యోగమంతా మోటార్లు పరీక్షించడంలోనే గడిచింది. ఒకసారి మంచుకొండల్లో ఎగరాల్సిన డ్రోన్ మోటారు బల్ల మీద గంటల తరబడి చక్కగా తిరిగింది. కొత్తగా చేరిన అమ్మాయి, “రాత్రంతా చలిపెట్టెలో ఉంచి పొద్దున స్టార్ట్ చేద్దాం సార్” అంది. కంప్యూటర్లో చూశాం కదమ్మా అన్నారు పెద్దలు. ఆమె వినలేదు. పొద్దున స్విచ్ వేస్తే మోటారు మూలిగింది తప్ప కదల్లేదు. విప్పి చూస్తే బేరింగులో గ్రీజు గడ్డకట్టింది. గోటితో గీకితే పెళ్లలు రాలాయి.

ఇప్పుడు ఇంటర్వ్యూకొచ్చే పిల్లలందరిదీ ఒకటే పాట: “సిమ్యులేషన్‌లో తిరిగింది సార్.” తిరక్కేం నాయనా! నువ్వు రాయని చలి అందులోకి ఎలా వస్తుంది? చేతికి గ్రీజంటని ఇంజినీరును చూస్తే నాకు భయం. ఆ మూడో వరసలో ఫోన్ చూస్తున్న బాబూ, నీకే చెబుతున్నా.

టైటాన్ మీద దిగిన హైగెన్స్ అనే వ్యోమనౌక సంగతే చూడండి. 1997లో కాసిని అనే పెద్ద నౌకతో కలిసి బయల్దేరింది. దాని సంకేతాలను కాసిని అందుకోవాలి. రెండూ వేర్వేరు వేగాలతో పోతుంటే సంకేతం మారుతుంది కదా, అలా మార్చిన సంకేతంతోనే పరీక్షించాలని బోరిస్ స్మెడ్స్ అనే ఇంజినీరు పట్టుబట్టాడు. అంత అవసరమా అన్నవాళ్లున్నారు. 2000లో కాలిఫోర్నియాలోని గోల్డ్‌స్టోన్ యాంటెన్నా నుంచి పంపి చూస్తే, కాసినిలోని రిసీవర్ సమాచారాన్ని సరిగ్గా అందుకోలేకపోయింది! అప్పటికే అది అంతరిక్షంలో ఉంది, విప్పి బాగుచేసే వీల్లేదు. చివరికి కాసిని దారినే మార్చారు. వేగాల తేడా తగ్గింది. 2005 జనవరి 14న హైగెన్స్ క్షేమంగా దిగింది.

ఇంత చేశాక, ఆ రోజే కాసినిలో ఒక రిసీవర్‌ను ఆన్ చేసే ఆదేశం జాబితాలో లేకపోయింది. దాదాపు సగం ఫొటోలు పోయాయి. ఒక్క ఆదేశమండీ! చూశారా, ఇన్నేళ్లయినా తలుచుకుంటే నాకు కోపం ఆగదు. రిజిస్ట్రార్ గారూ, పట్టాలు మొదలుపెట్టించండి.